పేరు రోడ్డు దాటింది: క్లైన్‌లీష్, బ్రోరాల చిక్కుముడి

1965లో కాచిన ఒక విస్కీ సీసా మీద క్లైన్‌లీష్ అని ఉంటుంది. 1975లో కాచిన ఇంకో సీసా మీద కూడా క్లైన్‌లీష్ అనే ఉంటుంది. రెండూ ఒకే ఊళ్ళో, ఒకే వాగు నీళ్ళతో, ఒకే కంపెనీ చేతిలో తయారైనవే. అయినా రెండూ వేర్వేరు డిస్టిలరీలవి. మొదటి సీసా పుట్టిన భవనం ఇప్పటికీ ఉంది, పనిచేస్తోంది కూడా, కాకపోతే ఇప్పుడు దాని పేరు బ్రోరా. వేలంపాటల్లో పాత స్కాచ్ సీసాలు కొనేవాళ్ళు మొదట తికమకపడేది ఇక్కడే.

విస్కీ గురించి రాసేవాళ్ళు సాధారణంగా నీళ్ళ దగ్గర మొదలుపెడతారు. కొండల్లోంచి జారే స్వచ్ఛమైన వాగు, దానివల్లే ఆ రుచి అని. ప్రకటనలకి బాగా పనికొచ్చే మాటే. కానీ క్లైన్‌లీష్, బ్రోరాలు రెండూ తాగేది క్లైన్‌మిల్టన్ వాగు నీళ్ళే. నీళ్ళలోనే అంతా ఉంటే రెండు విస్కీలూ ఒకలాగే ఉండాలి. లేవు. మరి ఒక డిస్టిలరీ స్వభావం ఎక్కడ ఉంటుంది? పేరులోనా, నీళ్ళలోనా, గోడల్లోనా, తొట్టి అడుగున పేరుకున్న జిడ్డులోనా? ఈ ప్రశ్నకి ఇంతకంటే మంచి ఉదాహరణ స్కాట్లాండ్‌లో నాకు కనపడలేదు.

బ్రోరా అన్నది ముందు ఒక ఊరి పేరు. స్కాట్లాండ్ ఉత్తరాన, సదర్లాండ్ ప్రాంతంలో, సముద్రపు ఒడ్డున ఉన్న చిన్న ఊరు. ఇన్వర్‌నెస్ నుంచి కారులో ఇంకా పైకి వెళ్ళాలి. 1819లో ఇక్కడ క్లైన్‌లీష్ డిస్టిలరీ కట్టించింది స్టాఫర్డ్ మార్క్విస్. ఇంగ్లండ్‌లో మహా సంపన్నుల్లో ఒకడు. సదర్లాండ్‌లో ఆయనకి చేరిన భూములు మాత్రం భార్య ఎలిజబెత్ పుట్టింటివి. సదర్లాండ్ కౌంటెస్ ఆవిడే. తర్వాత 1833లో ఆయనకి సదర్లాండ్ డ్యూక్ అన్న బిరుదు దక్కింది, అదే ఏడాది పోయాడు.

డిస్టిలరీ ఎందుకు కట్టారో అర్థం కావాలంటే హైలాండ్ క్లియరెన్సెస్ గురించి చెప్పుకోవాలి. వినడానికి ఏదో శుభ్రం చేసే కార్యక్రమంలా ఉంటుంది. జరిగింది ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ చేయించడం. లోపలి లోయల్లో తరతరాలుగా పశువులు మేపుకుంటూ, కాస్త ఓట్లూ బార్లీ పండించుకుంటూ బతికే కౌలుదార్లకంటే, దక్షిణాది నుంచి వచ్చి గొర్రెలు పెంచేవాళ్ళు ఎక్కువ కౌలు ఇస్తామన్నారు. దాంతో స్ట్రాత్‌నేవర్, కిల్డోనన్ లోయల్లోని కుటుంబాలని సముద్రపు ఒడ్డుకి తోలేశారు. వెళ్ళినవాళ్ళు మళ్ళీ వచ్చి చేరకుండా ఇళ్ళ పైకప్పు దూలాలు తగలబెట్టారు. చెట్లు అరుదైన ఆ ప్రాంతంలో దూలం పోయిందంటే ఇల్లు పోయినట్టే. 1814లో స్ట్రాత్‌నేవర్‌లో జరిగిన దహనాలకి జమీ ఏజెంటు ప్యాట్రిక్ సెల్లార్ మీద 1816లో విచారణ జరిగింది. నిర్దోషి అని వదిలేశారు.

ఒడ్డుకి చేరిన జనానికి చిన్న చిన్న భూమి చెక్కలు ఇచ్చారు. వాటి మీద పూర్తిగా బతకలేరు, అందుకని చేపలు పట్టాలి, లేదా దొర పెట్టించిన పరిశ్రమల్లో పనిచేయాలి. బ్రోరాలో బొగ్గు గని, ఇటుకల బట్టీ, సముద్రపు నీళ్ళు కాచి ఉప్పు తీసే పని, అన్నీ ఆ పథకంలో భాగాలే. డిస్టిలరీ కూడా అంతే. అప్పటిదాకా హైలాండ్స్‌లో చాలామంది కౌలు కట్టింది దొంగచాటుగా కాచిన విస్కీ అమ్మిన డబ్బుతో. ఆ దొంగసారాని అణచడం జమీ చెప్పుకున్న ఉద్దేశం. దాని వెనకున్న లెక్క ఇంకా సూటిగా ఉంది: రైతు పండించిన బార్లీని దొర డిస్టిలరీయే కొంటుంది, ఆ డబ్బు కౌలు కింద మళ్ళీ దొర దగ్గరికే వస్తుంది. మంటకి కావలసిన బొగ్గు కూడా దొరవారి గనిదే. విస్కీ సీసా మీద "1819 నుంచి" అని గర్వంగా వేసుకునే ఏడాది ఇదే. ఆ ఏడాది స్ట్రాత్‌నేవర్‌లో ఇంకా ఇళ్ళు కాలుతూనే ఉన్నాయి.

1823లో వచ్చిన ఎక్సైజ్ చట్టం లైసెన్సుతో కాచడాన్ని గిట్టుబాటు చేసింది. ఏడాదికి 10 పౌండ్లు కడితే చాలు, పన్నూ తగ్గింది. ఆ తర్వాత క్లైన్‌లీష్ చేతులు మారుతూ 1846లో జార్జ్ లాసన్ దగ్గరికి చేరింది. ఆ కుటుంబం 1896 దాకా నడిపింది, పేరు తెచ్చింది అప్పుడే. తర్వాత లీత్ రేవుకి చెందిన ఐన్‌స్లీ కంపెనీ కొని దాన్ని తిరగ కట్టింది. 1930 నాటికి అది పూర్తిగా డిస్టిలర్స్ కంపెనీ లిమిటెడ్ చేతిలో ఉంది. ఈ డీసీఎల్ అప్పటికే జానీ వాకర్‌తో సహా పెద్ద బ్రాండ్లన్నిటినీ కలుపుకున్న మహా సంస్థ. ఈనాటి మద్యం కంపెనీ డియాజియోకి పూర్వరూపం అనుకోవచ్చు.

ఇక్కడ ఒక్క మాట. మాల్ట్ విస్కీ అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీతో మాత్రమే, స్టిల్లులనే రాగి పాత్రల్లో విడతలు విడతలుగా కాచేది. ఒకే డిస్టిలరీ మాల్ట్ అయితే సింగిల్ మాల్ట్. జానీ వాకర్ లాంటివి బ్లెండ్లు. అనేక డిస్టిలరీల మాల్టులని, వేరే ధాన్యాలతో కాచిన తేలికపాటి విస్కీతో కలిపి చేస్తారు. స్కాట్లాండ్ డిస్టిలరీలు చాలావరకు తమ పేరు మీద అమ్ముకోవడానికి కాదు, బ్లెండ్లకి సరుకు పంపడానికే బతికాయి. కాబట్టి ఏ డిస్టిలరీ ఏ రుచిలో కాచాలో నిర్ణయించేది చాలాసార్లు కొండా వాగూ కాదు, ఎక్కడో ఆఫీసులో కూర్చున్న బ్లెండర్. ఈ కథలో ముఖ్యమైన మలుపులన్నీ అక్కడినుంచే వచ్చాయి.

1960లలో స్కాచ్‌కి గిరాకీ విపరీతంగా పెరిగింది. రెండే స్టిల్లులున్న పాత క్లైన్‌లీష్ చాలలేదు. దాన్ని పెంచే బదులు పక్కనే, రోడ్డుకి అవతల, ఆరు స్టిల్లులతో కొత్త డిస్టిలరీ కట్టారు. 1967, 68ల నాటి సంగతి. కాంక్రీటు, పెద్ద పెద్ద అద్దాలు. పాత రాతి కట్టడం పక్కన అది ఆఫీసు భవనంలా ఉంటుంది. రుచి మారకూడదని స్టిల్లుల ఆకారం మాత్రం పాతవాటిదే తీసుకున్నారు. పేరు కూడా పాతదే పెట్టారు. 1968లో పాతదాన్ని మూసేశారు. అంతటితో ఆగి ఉంటే గొడవే లేదు, ఏదో పాత ఇంట్లోంచి కొత్త ఇంట్లోకి మారినట్టు ఉండేది.

కానీ ఏడాది తిరగకుండానే డీసీఎల్‌కి పీట్ పొగ బాగా పట్టిన మాల్ట్ అవసరమైంది. పీట్ అంటే బురద నేలల్లో వేల ఏళ్ళుగా పేరుకుని గట్టిపడిన మొక్కల మట్టి. ఎండబెట్టి, దాని పొగ మీద బార్లీ ఆరబెడితే విస్కీకి ఆ పొగ వాసన పడుతుంది. జానీ వాకర్‌లో ఆ పొగ కోసం పశ్చిమాన ఉన్న ఐలా దీవి మాల్టుల మీద ఆధారపడేవారు. ఆ సరుకు చాలలేదు. ఆ లోటు పూడ్చడానికి మూసేసిన పాత క్లైన్‌లీష్ తలుపులు 1969లో మళ్ళీ తెరిచారు. ఐలా మాల్ట్‌కి బదులుగా, పొగ దట్టంగా పట్టించిన మాల్ట్ కాచమన్నారు. తర్వాత 1972లో ఐలాలోని కౌల్ ఈలా డిస్టిలరీని పడగొట్టి మళ్ళీ కట్టడం మొదలుపెట్టారు, రెండేళ్ళు అక్కడ ఉత్పత్తి లేదు. దాంతో ఆ అవసరం ఇంకా పెరిగింది.

ఇప్పుడు ఒకే చోట రెండు డిస్టిలరీలు పనిచేస్తున్నాయి, రెండిటికీ ఒకే పేరు. అది కుదరదు. కొన్నాళ్ళు ఏ, బీ అని పిలిచి, చివరికి పాతదానికి ఊరి పేరే పెట్టేశారు. 1975 నాటికి బ్రోరా అన్న పేరు ఖాయమైంది. నూటయాభై ఏళ్ళుగా క్లైన్‌లీష్ అనిపించుకున్న భవనం తన పేరు పొరుగువాడికి ఇచ్చేసి కొత్త పేరు పెట్టుకుంది. సీసాలు కొనేవాళ్ళు గుర్తుపెట్టుకోవలసింది ఇంతే: 1967కి ముందు కాచిన క్లైన్‌లీష్ పాత భవనానిది. 1969 నుంచి 1983 దాకా పాత భవనంలో కాచింది, లేబుల్ మీద ఏమున్నా, అభిమానుల లెక్కలో బ్రోరాయే. మిగతా క్లైన్‌లీష్ అంతా కొత్త భవనానిది.

పొగ దట్టంగా ఉన్న బ్రోరా ఎన్నాళ్ళు కాచారు? సుమారుగా 1973 దాకానే. కౌల్ ఈలా మళ్ళీ మొదలవగానే ఆ అవసరం తీరిపోయింది, పీట్ తగ్గించేశారు, ఆ తర్వాత అడపాదడపా మాత్రమే కాచారు. అంటే ఈనాడు సేకర్తలు కలవరించే 1972 బ్రోరా, ఇంకొకరి సరుకు అందక కాచిన ప్రత్యామ్నాయం. దాన్ని కాచినవాళ్ళెవరూ ముప్పై ఏళ్ళ తర్వాత ఎవరో దాన్ని గ్లాసులో పోసుకుని కళ్ళు మూసుకుంటారని అనుకుని ఉండరు. బ్లెండ్‌లో కలిసిపోవాల్సిన సరుకు అది.

ఇక అసలు విషయం, మైనం.

క్లైన్‌లీష్ గురించి ఎవరు మాట్లాడినా మొదట చెప్పేది మైనం గుణం. అది వాసనలో ఉంది, కానీ వాసన మాత్రమే కాదు. అప్పుడే ఆర్పిన కొవ్వొత్తి దగ్గర వచ్చే వాసన, నారింజ తొక్క గిల్లినప్పుడు చిమ్మే నూనె, కాస్త తేనె, చివర్న సముద్రపు ఉప్పు అనిపించే ఒక గాటు. ఇవి ముక్కుకి తెలుస్తాయి. నాలుక మీద మాత్రం ఒక పొర పరుచుకుంటుంది. మింగాక కూడా పెదాల లోపలి వైపు పలచగా పూత పూసినట్టు ఉంటుంది, నాలుకతో తడిమితే తెలుస్తుంది. మొదటిసారి తాగినప్పుడు గ్లాసు సరిగ్గా కడగలేదేమో అనుకున్నాను, ఇంకో గ్లాసు తెచ్చుకున్నాను కూడా. అదీ అంతే.

ఆ మైనం ఎక్కడినుంచి వస్తుందంటే, ముందు విస్కీ రెండుసార్లు ఎలా కాస్తారో చూడాలి. పులిసిన బార్లీ ద్రవాన్ని మొదటి స్టిల్‌లో కాస్తే తక్కువ ఘాటున్న సారా వస్తుంది, దాన్ని లో వైన్స్ అంటారు. దాన్ని రెండో స్టిల్‌లో మళ్ళీ కాస్తే మూడు భాగాలుగా దిగుతుంది. మొదట దిగేది తలభాగం, ఘాటుగా, వాసన బాగోకుండా ఉంటుంది. మధ్యలో దిగేదే విస్కీ కాబోయే నడిమి భాగం. చివర్న దిగేది తోకభాగం, బరువైన జిడ్డు పదార్థాలు అందులో ఉంటాయి. తలనీ తోకనీ పారబొయ్యరు, తర్వాతి విడత లో వైన్స్‌తో కలిపి మళ్ళీ కాస్తారు. చాలా డిస్టిలరీల్లో ఇవన్నీ ఒకే తొట్టిలో పడతాయి. క్లైన్‌లీష్‌లో తలా తోకా చేరడానికి విడిగా ఇంకో తొట్టి ఉంది. విడత తర్వాత విడత ఆ తొట్టి గోడలకీ అడుగుకీ జిడ్డుగా ఒక పదార్థం పేరుకుంటుంది. మీదుగా వెళ్ళే ప్రతి విడతా దాంట్లోంచి కొంచెం కరిగించుకుని పోతుంది. మైనం అక్కడినుంచే.

ఇది ఎలా బయటపడిందన్నది బాగుంటుంది. ఒకప్పుడు పద్ధతిగా ఆ తొట్టిని శుభ్రంగా కడిగించారు. కొత్తగా దిగిన సారాలో మైనం మాయమైంది. వెతికి వెతికి చూస్తే తప్పు శుభ్రతదని తేలింది. దోసెల పెనాన్ని సబ్బు పెట్టి తోమకూడదని మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఎందుకు చెప్తారో ఆ తొట్టికీ అదే. అప్పటినుంచి ఆ జిడ్డు పూర్తిగా పోకుండా జాగ్రత్త పడుతున్నారు. ఇందులో ఏ సంప్రదాయ రహస్యమూ లేదు. పైపులు అలా వేశారు కాబట్టి అలా పేరుకుంది, అలా రుచి వచ్చింది, ఆ రుచి బ్లెండర్లకి నచ్చింది.

ఆ ఒక్క తొట్టే మొత్తం కథ అనుకోకూడదు. బార్లీ రసాన్ని మడ్డి లేకుండా తేటగా దించుతారు, మూడు రోజులు దాటేదాకా పులియనిస్తారు, దానివల్ల పళ్ళ వాసనలు వస్తాయి. రాగి సంగతి ఇంకోటి. ఆవిరి ఎంతసేపు రాగిని తాకితే గంధకం లాంటి బరువైన వాసనలు అంత తగ్గుతాయి. కొత్త క్లైన్‌లీష్‌లో ఆవిరిని చల్లబరిచేవి నిలువు కండెన్సర్లు, లోపలంతా సన్నటి రాగి గొట్టాలు, రాగితో తాకిడి ఎక్కువ. పాత బ్రోరాలో మాత్రం పెద్ద చన్నీళ్ళ తొట్టిలో చుట్టలు చుట్టిన ఒకే లావుపాటి రాగి గొట్టం. తాకిడి తక్కువ, అందుకని దిగే సారా బరువుగా, మోటుగా ఉంటుంది. పాత బ్రోరా తాగినవాళ్ళు పశువుల కొట్టం, తడిసిన ఎండుగడ్డి, ఉన్ని అని రాస్తారు. మెచ్చుకోలుగానే రాస్తారు. ఒకే వాగు, ఒకే ఆకారం స్టిల్లులు, ఒకే యాజమాన్యం. తేడా అంతా పీట్ ఆర్డర్లోనూ చల్లబరిచే తొట్టిలోనూ ఉంది.

ఈ మైనం మనవాళ్ళకి కొత్తేమీ కాదు, పేరే తెలియదు. జానీ వాకర్ గోల్డ్ లేబుల్‌లో ప్రధానమైన మాల్ట్ క్లైన్‌లీషే. హైదరాబాద్ ఎయిర్‌పోర్టు డ్యూటీ ఫ్రీలో బంగారు రంగు సీసా కొని సంచిలో వేసుకున్నవాళ్ళూ, డాలస్ నుంచి వచ్చేటప్పుడు మామగారికి అదే తెచ్చే అల్లుళ్ళూ, అందరూ ఈ తొట్టి జిడ్డుని రుచి చూసినవాళ్ళే. గోల్డ్ లేబుల్ నోట్లో "మెత్తగా" ఉంటుందని అంటారు చూడండి, ఆ మెత్తదనంలో వాటా దీనిది. క్లైన్‌లీష్ ఏటా కాచే సుమారు 48 లక్షల లీటర్లలో అత్యధిక భాగం బ్లెండ్లకే పోతుంది. 2002లో మొదలైన 14 ఏళ్ళ సింగిల్ మాల్ట్ ఆ సముద్రంలో చిన్న వాటా.

1983 మార్చిలో బ్రోరా మూతపడింది. కారణం రుచి కాదు. 1970లలో గిరాకీ ఎప్పటికీ పెరుగుతూనే ఉంటుందనుకుని అందరూ ఎడాపెడా కాచారు. ఆర్థిక మాంద్యం వచ్చేసరికి గోదాముల్లో అమ్ముడుపోని పీపాలు కొండల్లా పేరుకున్నాయి. ఒక్క 1983లోనే డీసీఎల్ 11 మాల్ట్ డిస్టిలరీలు మూసేసింది. వాటిలో పోర్ట్ ఎల్లెన్ ఉంది, బ్రోరా ఉంది. పక్కనే ఆరు స్టిల్లుల కొత్త డిస్టిలరీ ఉండగా రెండు స్టిల్లుల ముసలిదాన్ని ఎవరుంచుకుంటారు?

దాన్ని కాపాడింది నిర్లక్ష్యమే అనాలి. కొన్ని డిస్టిలరీలని పడగొట్టి ఆ స్థలాల్లో షాపింగ్ కాంప్లెక్సులు కట్టారు. బ్రోరా గోదాములు మాత్రం పీపాలు పెట్టుకోవడానికి పనికొస్తున్నాయని ఉంచేశారు, స్టిల్లులు ఉన్నచోటే ఉండిపోయాయి. 1990ల మధ్యలో యాజమాన్యం మిగిలిన పాత పీపాలని అరుదైన మాల్టుల కింద సీసాల్లో నింపి అమ్మడం మొదలుపెట్టింది, 2002 నుంచి ఏటా ఒక విడుదల. అప్పుడు గానీ లోకానికి తెలియలేదు అందులో ఏముందో. ఒక పక్క పీపాలు తగ్గిపోతున్నాయి, ఇంకో పక్క పేరు పెరుగుతోంది. నా అభిప్రాయంలో బ్రోరా కీర్తిలో సగం రుచిది, సగం మూతపడటానిది. నడుస్తూనే ఉండి ఉంటే అది గౌరవనీయమైన ఒక బ్లెండ్ సరుకుగా మిగిలేది. బాగా ముదిరిన పీపాలు ఇన్ని మిగిలి ఉండేవి కూడా కావు.

2017 అక్టోబరులో డియాజియో బ్రోరా, పోర్ట్ ఎల్లెన్ రెండిటినీ మూడున్నర కోట్ల పౌండ్లతో మళ్ళీ తెరుస్తామని ప్రకటించింది. స్టిల్ హౌస్ గోడలు నిలబడేలా లేకపోతే రాయి రాయి విప్పి, అవే రాళ్ళతో తిరిగి కట్టారు. పాత రాగి స్టిల్లులు రెండిటినీ అల్లోవాలోని కంపెనీ రాగి పనివాళ్ళ దగ్గరికి పంపి బాగు చేయించారు. చుట్టల గొట్టం తొట్లు మళ్ళీ పెట్టారు. 2021 మేలో మొదటి పీపా నింపారు. ఆ పని నడిపించినవాళ్ళలో బ్రోరా ఊళ్ళోనే పెరిగిన ఒకాయన ఉన్నాడు. 1983లో అక్కడ చివరిగా పనిచేసిన ఎక్సైజ్ అధికారి ఆయన తండ్రే. అదే ఏడాది 1972, 1977, 1982 నాటి పాత సరుకుతో మూడు అరలీటరు సీసాల పెట్టె ఒకటి 30,000 పౌండ్లకి అమ్మకానికి పెట్టారు. మన డబ్బుల్లో 30 లక్షల పైమాట. రైతుల కౌలు దొర దగ్గరికే చేరేలా మొదలుపెట్టిన డిస్టిలరీ అని గుర్తొస్తే కాస్త ఇబ్బందిగానే ఉంటుంది.

కొత్త బ్రోరా సామర్థ్యం ఏడాదికి 8 లక్షల లీటర్లు. స్కాచ్ అనిపించుకోవాలంటే ఓక్ పీపాలో కనీసం మూడేళ్ళు ఉండాలి, ఆ గడువు 2024లో దాటింది. కానీ ఏ బ్రోరాతో పోల్చాలి దీన్ని? ఐలాకి బదులు కాచిన 1972 నాటి పొగ విస్కీతోనా, పీట్ తగ్గించేశాక 1982లో కాచిన మైనపు విస్కీతోనా? రెండూ ఒకే స్టిల్లుల్లోంచి వచ్చినవే, రెండిటికీ చెప్పుకోదగ్గ పోలికే లేదు. పైగా పాతవాటిని మనం ఇరవై, ముప్పై ఏళ్ళు పీపాలో మాగాకే ఎరుగుదుం. మూడేళ్ళ వయసులో అవి ఎలా ఉండేవో, అప్పట్లో వాటిని బ్లెండ్‌లో పోసేసినవాళ్ళకే తెలియాలి.